ముక్కు కడిగే బాటిల్: సరుకుకు కాదు, డబ్బా మీద రాతకే ఒక నక్షత్రం కోత

ఈ కిట్‌లో వచ్చేవి రెండే. పిండితే సొట్టపడి, వదలగానే మళ్లీ ఉబ్బే మెత్తటి ప్లాస్టిక్ బాటిల్ ఒకటి, ఉప్పుపొడి పొట్లాలు కొన్ని. బాటిల్‌లో 240 మిల్లీలీటర్ల నీళ్లు పడతాయి. మూత మధ్యలో గుండ్రటి బుడిపె, దానికో చిల్లు, లోపల అడుగు దాకా దిగే సన్నటి గొట్టం. గోరువెచ్చటి నీళ్లలో ఒక పొట్లం కలిపి, సింకు మీదికి వంగి, ఆ బుడిపెను ఒక ముక్కు రంధ్రానికి ఆనించి పిండితే నీళ్లు రెండో రంధ్రంలోంచి బయటికొస్తాయి. జలనేతి చేసేవాళ్లకు ఇది కొత్తేం కాదు. నేతి పాత్రలో నీళ్లు వాటంతటవే జారతాయి, ఇందులో మనం పిండాలి, అంతే తేడా. కంపెనీ పేరు రాయడం లేదు. ఇలాంటివి చాలా కంపెనీలు చేస్తున్నాయి, మూత బిగువులోనూ పొట్లాల నాణ్యతలోనూ తప్ప పెద్ద తేడా కనిపించలేదు.

ఐదు నక్షత్రాలకు నాలుగిస్తున్నాను. తగ్గించిన ఆ ఒక్కటీ డబ్బా మీద రాతకి. సైనస్ తలనొప్పి, ముఖంలో ఒత్తిడి, కళ్ల చుట్టూ బరువు, అన్నిటికీ ఇదొక్కటే మందన్నట్టు పెద్దక్షరాల్లో వేశారు. పక్కనే ఒక బొమ్మ. సగానికి కోసిన ముఖం, నుదుటి లోపల, చెంపల లోపల ఉన్న ఖాళీలన్నిట్లోకీ నీలం రంగు నీళ్లు పొంగి నిండుతున్నట్టు చూపించారు. నేను లెక్కల టీచర్ని. తప్పు బొమ్మ గీసి సరైన జవాబు రాసిన పిల్లలకు ఎన్ని మార్కులు వేయాలా అని తలపట్టుకునే పని నాకు రోజూ ఉంటుంది. ఇదీ అలాంటి జవాబే.

అసలు లోపల ఏముందో చెప్పుకుంటే ఈ బాటిల్ ఎంతవరకు పనికొస్తుందో తెలుస్తుంది. ముఖం ఎముకల్లో ముక్కుకు అటూ ఇటూ నాలుగు జతల గాలి గదులున్నాయి, సైనస్‌లంటే ఇవే. చెంపల వెనక ఉన్నవి అన్నిటికన్నా పెద్దవి. కనుబొమల పైన నుదుట్లో ఒక జత, రెండు కళ్ల మధ్య చిన్న చిన్న అరలుగా ఒక జత, బాగా వెనక్కి, పుర్రె నడిమధ్యలో ఇంకొక జత. ప్రతి గదికీ ముక్కులోకి తెరుచుకునే సన్నటి దారి ఉంటుంది. గది లోపలి పొర ఎప్పుడూ జిగురు ఊరుస్తూ ఉంటుంది. పొర మీద ఉండే కంటికి ఆనని నూగు ఆ జిగురును దారి వైపు నెడుతూ ఉంటుంది. చెంప గదిది మరీ విచిత్రం. దాని దారి అడుగున కాక పైన ఉంటుంది. మనిషి నిలబడి ఉంటే ఆ గది తనంతట తాను కారి ఖాళీ కాదు, నూగు జిగురును ఎదురెక్కించి బయటికి తోయాల్సిందే.

జలుబో అలర్జీయో వచ్చి పొర వాచిందంటే ఆ సన్నటి దారి మూసుకుపోతుంది. లోపల చిక్కుకున్న గాలిని పొర మెల్లగా పీల్చేసుకుంటుంది, పీడనం తగ్గి లోపలికి లాగుతున్నట్టు నొప్పి మొదలవుతుంది. తర్వాత నీరు, జిగురు చేరి బరువెక్కుతుంది. అంటే మనం తిట్టుకునేది గదుల్ని, గొడవంతా గుమ్మం దగ్గర. బాటిల్ నీళ్లు కడిగేది కూడా ముఖ్యంగా ముక్కు లోపలి భాగాన్ని, ఆ గుమ్మాల చుట్టుపక్కల్నే. ఆపరేషన్ చేయించుకుని దారులు వెడల్పైనవాళ్ల సంగతి వేరు. మిగతావాళ్లకు గదుల్లోకి వెళ్లే నీళ్లు చాలా తక్కువ, నుదుటి గదుల్లోకైతే మరీ తక్కువ. అయినా ఇది పని చేస్తుంది. గుమ్మానికి అడ్డంపడిన చిక్కటి జిగురు కొట్టుకుపోతుంది, ముక్కులో చేరిన దుమ్ము, పుప్పొడి లాంటివి పోతాయి, పొర తడిసి నూగు మళ్లీ కదలడం మొదలెడుతుంది. ఈ మాట డబ్బా మీద వేసినా కొనేవాళ్లు కొంటారు. నీలం బొమ్మ అక్కర్లేదు.

ఇక నా ముఖం సంగతి. పరీక్షల కాలంలో పేపర్లు దిద్దడానికి తల వంచగానే ఎడమ చెంప ఎముక కింద ఏదో బరువు ముందుకు జరిగి అక్కడే ఆగుతుంది. తలెత్తితే కాస్త నయం, మళ్లీ వంచితే మళ్లీ అంతే. పై దవడలో వెనక పళ్లు మూడు నాలుగు ఒకేసారి సలుపుతాయి. ఏ పన్ను అని వేలు పెట్టి చూపించమంటే చూపించలేను, ఎందుకంటే ఆ పళ్ల వేళ్లు చెంప గది నేలకు ఆనుకునే ఉంటాయి, గది నొస్తే వరసంతా నొస్తుంది. చెవి మూసుకుపోయి క్లాసులో నా గొంతు నాకే లోపల మోగుతుంది, గట్టిగా మాట్లాడుతున్నానో మెల్లగా మాట్లాడుతున్నానో తెలియదు. సబ్బు ముక్కు దగ్గర పెట్టుకున్నా వాసన రాదు. రాత్రి పడుకోగానే జిగురు గొంతులోకి కారి దగ్గు.

ఇదంతా మొదలయ్యే తీరును బట్టి కారణం కొంత పట్టుకోవచ్చు. నాకు చాలాసార్లు వరస తుమ్ములతో, కళ్ల దురదతో, నీళ్లలా కారే ముక్కుతో మొదలవుతుంది. పాత కాగితాల బీరువా తెరిచిన రోజు తప్పనిసరి. అది అలర్జీ. గొంతు మంట, ఒళ్లు నొప్పులు, కాస్త వేడి ముందొచ్చి తర్వాత ముక్కు పట్టేస్తే అది మామూలు జలుబు, వైరస్ పని. రెండు దారులూ చివరికి అదే చెంప దగ్గరికి చేరతాయి గానీ చేయాల్సిన పని వేరు. అలర్జీకి దుమ్ముకు దూరంగా ఉండాలి, డాక్టర్ చెప్తే స్ప్రే వాడాలి. జలుబైతే చాలావరకు ఓపిక పట్టాలి.

జిగురు పచ్చగా వస్తే యాంటీబయాటిక్ వేసుకోవాల్సిందే అని మా స్టాఫ్‌రూమ్‌లో ఒక బలమైన నమ్మకం. రంగును చూసి బ్యాక్టీరియా అని తేల్చలేం. శరీరం పంపిన తెల్ల రక్తకణాల్లోని ఒక ఎంజైముకే పచ్చటి రంగు ఉంది, వైరస్ జలుబులో కూడా అవి గుంపుగా వస్తాయి, జిగురుకు ఆ రంగే వస్తుంది. రంగు కన్నా క్యాలెండర్ నమ్మకమైనది. 10 రోజులు దాటినా ఏమాత్రం తగ్గకపోవడం, లేదా తగ్గుముఖం పట్టి మళ్లీ ఒక్కసారిగా ఎక్కువవడం, లేదా మొదటి నుంచే 39 డిగ్రీల సెల్సియస్ జ్వరంతో, చిక్కటి చీము లాంటి జిగురుతో, ముఖం నొప్పితో వరసగా 3, 4 రోజులు గడవడం. ఈ మూడింట్లో ఏదైనా ఉంటే బ్యాక్టీరియాను అనుమానించాలని మా ఈఎన్‌టీ డాక్టరమ్మ చెప్పింది. పెద్దవాళ్లకు వచ్చే జలుబుల్లో అలా బ్యాక్టీరియా దాకా వెళ్లేవి నూటికి రెండు కూడా ఉండవు. 4 వారాల లోపు తగ్గిపోతే తాత్కాలికం, 12 వారాలు దాటినా వదలకపోతే దీర్ఘకాలికం. అప్పుడు ముక్కులో కండ పెరిగిందా, రెండు రంధ్రాల మధ్య గోడలా ఉండే దూలం వంకరగా ఉందా అని లోపలికి కెమెరా పెట్టి చూస్తారు, అవసరమైతే స్కాన్ తీస్తారు. అవేవీ ఈ బాటిల్ చూసి పెట్టదు.

వాడే పద్ధతి కిట్‌తో వచ్చిన కాగితంలో ఉంది, కానీ చీమ తలకాయంత అక్షరాల్లో. అందులో లేనిదొకటి డాక్టరమ్మ నేర్పింది. చాలామందికి మొదట్లో భయం వేసేది నీళ్లు గొంతులోకి దిగుతాయనీ, ఊపిరాడదనీ. పిండేటప్పుడు నోరు తెరిచి, నోటితోనే గాలి పీలుస్తూ, మధ్యమధ్యలో పైకే "క, క, క" అనాలి. క పలకాలంటే అంగిలి వెనక భాగం నాలుకకు తగలాలి కదా, ఆ పలకడంలో మెత్తటి అంగిలి పైకి లేచి ముక్కుకూ గొంతుకూ మధ్య తలుపు వేసేస్తుంది. నీళ్లు గొంతులోకి జారవు. కావాలంటే ఇప్పుడే పలికి చూడండి, వెనక ఆ బిగింపు తెలుస్తుంది. తెల్లవారుజామున బాత్రూమ్‌లోంచి క గుణింతం వినబడుతోందని మా వారు నవ్వుతారు. నవ్వనీ.

మిగతా సంగతులు. తల మరీ పక్కకు వాల్చేయకూడదు, ముందుకు వంగి కాస్త ఓ పక్కకు తిప్పితే చాలు. గట్టిగా పిండకూడదు, గట్టిగా పిండితే చెవుల్లో టప్‌మంటుంది. సగం నీళ్లు ఒక వైపు, సగం ఇంకో వైపు. అయిపోయాక రెండు రంధ్రాలూ వదిలేసి మెల్లగా చీదాలి, ఒకటి మూసి బలంగా చీదితే నీళ్లు ముక్కు వెనక నుంచి చెవికి వెళ్లే గొట్టంలోకి ఎక్కొచ్చు. ఇంకొకటి, కడుక్కున్న వెంటనే బడికి బయల్దేరకండి. లోపల ఎక్కడో దాక్కున్న నీళ్లు అరగంటకో గంటకో వంగినప్పుడు చెప్పాపెట్టకుండా బొటబొటా కారతాయి. ఒక పిల్లాడి త్రికోణమితి పేపరు మీద ఎర్రసిరా అంతా చెదిరిపోయింది. వాడికి మార్కులు మాత్రం చెదరలేదు.

నీళ్ల గురించి మాత్రం నిదానంగా చదవండి. డబ్బాలో ఈ హెచ్చరిక కాగితం వెనక వైపు, అడుగున ఒక మూల ఉంది. నా చేతిలో ఉంటే డబ్బా ముందు వైపు నీలం బొమ్మ తీసేసి అక్కడ వేయిస్తాను. కుళాయి నీళ్లు నేరుగా ముక్కులోకి పోయకూడదు. తాగడానికి పనికొచ్చే నీళ్లయినా సరే. నీగ్లేరియా ఫౌలెరీ అనే అమీబా ఒకటి ఉంది. మింగితే ఏమీ చేయదు. ముక్కులోకి వెళితే మాత్రం వాసన నరం వెంట మెదడుకు ఎక్కుతుంది, అలా సోకినవాళ్లు దాదాపు ఎవరూ బతకరు. 2011లో అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో ఇంటి కుళాయి నీళ్లతో ముక్కు కడుక్కున్న ఇద్దరు ఇలాగే చనిపోయారు. చాలా అరుదైన జబ్బే, కానీ దాన్ని తప్పించుకోవడం చాలా తేలిక. డిస్టిల్డ్ వాటర్ గానీ, స్టెరైల్ అని రాసి ఉన్న నీళ్లు గానీ వాడొచ్చు. లేదా తెర్లకాగేలా కనీసం 1 నిమిషం మరిగించి, మూతపెట్టి చల్లార్చిన నీళ్లు. 6,500 అడుగుల కన్నా ఎత్తైన చోట ఉండేవాళ్లు 3 నిమిషాలు మరిగించాలి. నేను రాత్రి మరిగించి మూతపెట్టి ఉంచుతాను, పొద్దున వాడేముందు మణికట్టు మీద ఒక చుక్క వేసి చూస్తాను. వేడీ చల్లదనం రెండూ తెలియకపోతే సరిపోయినట్టు.

ఉప్పు లేకుండా ఉత్త నీళ్లు పోస్తే ముక్కు లోపల భగ్గుమంటుంది. ఉప్పు శాతం 0.9 ఉంటే అది మన శరీరంలో ఉండే ఉప్పుకు సమానం, అందుకే మంట ఉండదు. 240 మిల్లీలీటర్లకు లెక్కగడితే 2.16 గ్రాములు. పొట్లం మీద ఇంచుమించు అంతే రాసి ఉంది, అందులో కొంత సోడియం బైకార్బనేట్ కూడా కలుపుతారు, మంట తగ్గడానికి. ఈ విషయంలో కంపెనీకి పూర్తి మార్కులు. పొట్లం చింపడం మాత్రం ఒక ప్రహసనం. గాటు ఉన్నచోట చిరగదు, లేనిచోట చిరిగి సగం పొడి సింకు పాలవుతుంది. పొడి తగ్గినప్పుడు నీళ్లు ఎక్కువపోసి కడిగితే మంట రావడం ఖాయం కాబట్టి, కత్తెర పక్కన పెట్టుకుని కూర్చోండి.

మా చెల్లెలికి ఈ బాటిల్ ఏమీ చేయలేదు. డబ్బా మీద రాత ఎందుకు నచ్చలేదో ఇక్కడ తెలుస్తుంది. "అక్కా, నాదీ నీలాంటి సైనస్సే. కంటి చుట్టూ ఇక్కడే లాగుతుంది, ముక్కు కూడా పట్టేస్తుంది" అని తనకూ ఒకటి తెప్పించుకుంది. (బాటిల్ ఎవరిది వారికే ఉండాలి, ఇంట్లో అందరికీ ఒకటి అనుకోకండి.) శ్రద్ధగా కడుక్కుంది. ఒకవైపు పోసిన నీళ్లు ఎలా పోసినవి అలాగే రెండో వైపు వచ్చేవి. చిక్కటి జిగురు లేదు, పచ్చదనం లేదు, సబ్బు వాసన బ్రహ్మాండంగా తెలుస్తోంది. నొప్పి మాత్రం అలాగే ఉంది. నొప్పి వచ్చిన రోజు కర్టెన్లు లాగేసి, ఫోన్ బోర్లా పెట్టి, ఎవరూ పలకరించకుండా పడుకునేది. కడుపులో తిప్పేది. ఒక కణత దగ్గర నాడి కొట్టుకున్నట్టు టకటకా కొట్టుకునేది. మెట్లెక్కితే ఎక్కువయ్యేది. మర్నాడో ఆ మర్నాడో ఏమీ జరగనట్టు లేచి తిరిగేది. చాలాసార్లు నెలసరికి ముందే.

డాక్టర్ అడిగినవి మూడే ప్రశ్నలు. నొప్పితో పాటు వికారం ఉంటుందా, వెలుతురు పడదా, ఆ నొప్పి వల్ల పని మానుకోవాల్సి వస్తోందా. మూడింట్లో రెండింటికి అవునంటే మైగ్రేన్ అని గట్టిగా అనుమానించాలట. చెల్లెలు మూడింటికీ తలూపింది. "మరి ముక్కు ఎందుకు పట్టేస్తోంది డాక్టర్ గారూ?" అని అడిగింది. ముఖానికి, ముక్కుకు, కంటి చుట్టుపక్కలకు స్పర్శనిచ్చే ట్రైజెమినల్ నరమే మైగ్రేన్‌లో కూడా రేగుతుంది, అది రేగినప్పుడు ముక్కు పొర ఉబ్బుతుంది, కళ్లలో నీళ్లు తిరుగుతాయి, అందుకని మైగ్రేన్ వచ్చిన మనిషికి ముక్కు దిబ్బడ ఉండటం మామూలే అని చెప్పారు. 2004లో వెలువడిన ఒక అధ్యయనంలో, తమది సైనస్ తలనొప్పి అని తామే అనుకున్నవాళ్లు, డాక్టర్ అలా చెప్పినవాళ్లు కలిపి 2,991 మందిని పరీక్షించారు. ఇన్ఫెక్షన్ జాడ లేనివాళ్లే. వాళ్లలో 88 శాతం మందివి మైగ్రేన్ తరహా లక్షణాలని తేలింది. అంటే ఆ డబ్బా మీద "సైనస్ తలనొప్పి" అనే మాట చూసి కొనేవాళ్లలో ఎంతమందికి ఆ నీళ్లు తాకే చోటు ఒకటి, నొప్పి పుట్టే చోటు వేరొకటో ఊహించుకోవచ్చు.

అందుకే కొనేముందు మీ నొప్పిని కాస్త గమనించండి అంటాను. ముక్కు నిజంగా మూసుకుపోయిందా, చిక్కటి జిగురు ముందుకు గానీ గొంతులోకి గానీ కారుతోందా, వాసన తగ్గిందా. ఈ మూడూ లేకుండా ఉత్త ముఖం నొప్పి మాత్రమే ఉంటే అది సైనస్ కావడం అరుదు. నొప్పి ఉన్న చోటు కూడా కొంత చెప్తుంది. చెంప, పై పళ్లు అయితే చెంప గది, కనుబొమల పైన అయితే నుదుటి గది, ముక్కు మొదట్లో రెండు కళ్ల మధ్య అయితే అక్కడి అరలు. వెనక గదిది మాత్రం టక్కరి వ్యవహారం, నడినెత్తినో తల వెనకో కళ్ల లోపలో నొస్తుంది, ముఖంలో ఏమీ తెలియదు. వంగితే ఎక్కువవడాన్ని మాత్రం ఒక్కదాన్నే పట్టుకుని తేల్చేయకండి, మైగ్రేన్ కూడా వంగితే ఎక్కువవుతుంది. విమానం దిగుతున్నప్పుడు మాత్రమే నుదుట్లో సూది గుచ్చినట్టు అనిపిస్తే అది గాలి పీడనం మారడం వల్ల. జలుబుతో ప్రయాణం చేసేవాళ్లకు ఎక్కువ.

మామగారిది ఇంకో రకం. కుడి చెంప ఒక్కటే బరువు, కుడి రంధ్రంలోంచి మాత్రమే పసుపు రంగు కారడం, అదీ ఆయనకే తెలిసే చెడ్డ వాసనతో. ఒక వైపే, దుర్వాసనతో అంటే ముందు పళ్లు చూపించుకోమన్నారు. ఎప్పుడో తొడుగు వేయించుకున్న పై దవడ పన్ను వేరు దగ్గర చీముపట్టి పైనున్న చెంప గదిలోకి పాకింది. పన్ను సంగతి చూశాక చెంప తేరుకుంది. ఆయన బాటిల్ సీలు కూడా విప్పలేదు.

ఇక దీనికి పోటీగా వాడేవాటితో పోలిస్తే. ఆవిరి పట్టడం నాకూ ఇష్టమే, పట్టినంతసేపు హాయిగా ఉంటుంది. కానీ తరచూ సైనస్ బాధ ఉన్నవాళ్ల మీద బ్రిటన్‌లో చేసి 2016లో ప్రచురించిన పరిశోధనలో, ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కున్నవాళ్లకు కొంత మేలు కనిపించింది. ఆవిరి పట్టినవాళ్లకు తలనొప్పి కాస్త తగ్గడం తప్ప మరేమీ తేలలేదు. పైగా మరిగే గిన్నె మీద దుప్పటి కప్పుకోవడమంటే పిల్లలున్న ఇంట్లో నాకు టెన్షన్. ముక్కు టక్కున తెరిచే చుక్కల మందుల సంగతి మరీ జాగ్రత్త. ఆక్సీమెటాజోలిన్, జైలోమెటాజోలిన్ లాంటివి వేసిన కొద్ది నిమిషాల్లో గాలి ఆడుతుంది నిజమే. వరసగా 3 రోజులు దాటి వాడితే మందు దిగగానే పొర ముందుకన్నా ఎక్కువ ఉబ్బుతుంది, మళ్లీ వేయాలి, మళ్లీ ఉబ్బుతుంది. మా ఫిజిక్స్ మాస్టారి జేబులో పెన్ను లేకపోయినా ఆ సీసా ఉంటుంది. తనది తగ్గని సైనస్ అంటారాయన. మా డాక్టరమ్మ అయితే సైనస్ కాదు, సీసా అంటుంది.

ముక్కు పొర వాపు తగ్గించే స్టెరాయిడ్ స్ప్రే రాసిచ్చినవాళ్లకు ఈ బాటిల్ మంచి తోడు. జిగురు ఉండగా స్ప్రే కొడితే మందు జిగురు మీద పడుతుంది, పొరకు అందదు. ముందు కడిగి, ఓ పది పదిహేను నిమిషాలు ఆగి కొట్టాలి. కుడి రంధ్రానికి ఎడమ చేత్తో, ఎడమ రంధ్రానికి కుడి చేత్తో కొడితే ముక్కు దూలానికి తగలకుండా బయటి గోడ వైపు పడుతుంది. దూలానికి తగిలితే రక్తం చారలు వస్తాయి. ఈ స్ప్రే పని చేయడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. రెండు పూటలు కొట్టి పని చేయట్లేదని పారేయకండి.

బాటిల్ మన్నిక గురించి. మూత మరలు వాడగా వాడగా అరిగి, పిండినప్పుడు పక్కలనుంచి చెయ్యి మీదికి కారడం మొదలైంది. చిన్న లోపమే, కానీ మోచేతి దాకా తడిసినప్పుడు చిన్నదనిపించదు. లోపలి గొట్టాన్ని మూతలోంచి ఊడదీసి విడిగా కడగాలి, చాలామంది అక్కడే వదిలేస్తారు. గొట్టం లోపల తడి ఆరకుండా ఉంటే ముక్కు కోసం కొన్నది ముక్కుకే చెరుపు చేస్తుంది. వాడిన ప్రతిసారీ సబ్బుతో కడిగి, అవే మరిగించిన నీళ్లతో జాడించి, మూత పెట్టకుండా ఆరబెట్టాలి. మూడు నెలలకోసారి కొత్తది మార్చాలి. ఈ ముక్క కాగితంలో ఉంది, అది చెప్పినందుకు మెచ్చుకోవాలి.

ఎవరు వాడకూడదంటే, చెవిలో ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్లు, రెండు రంధ్రాలూ పూర్తిగా బిగుసుకుపోయి నీళ్లు అటు నుంచి ఇటు రానివాళ్లు, ముక్కుకో చెవికో ఈమధ్యే ఆపరేషన్ అయి డాక్టర్ ఇంకా సరేననని వాళ్లు. కంటి చుట్టూ వాపు, ఎరుపు, ఒకటి రెండుగా కనిపించడం, కనుగుడ్డు తిప్పితే నొప్పి, మెడ బిగుసుకుపోవడం, ఎప్పుడూ ఎరగనంత తలనొప్పి, మాట తడబడటం లాంటివి ఉంటే బాటిల్ కోసం వెతక్కండి, నేరుగా ఆసుపత్రికి వెళ్లండి. సైనస్ గదులకు ఒక పక్క కన్ను, ఇంకో పక్క మెదడు గోడ పంచుకునే ఉంటాయి. ఒక రంధ్రంలోంచే తరచూ రక్తం కలిసి వస్తున్నా వాయిదా వేయొద్దు.

జలుబు, అలర్జీ వల్ల నిజంగా ముక్కు మూసుకుపోయి ముఖం బరువెక్కేవాళ్లు కొనుక్కోవచ్చు. బాధ ఉన్న రోజుల్లో నేను పొద్దునా రాత్రీ వాడతాను, బాగున్న రోజుల్లో అటకెక్కిస్తాను. పొట్లాలు అయిపోతే అవి విడిగా దొరుకుతాయి, మళ్లీ మొత్తం కిట్ కొనక్కర్లేదు. కొనేటప్పుడు మాత్రం మూతను ఒకసారి బిగించి, ఖాళీ బాటిల్‌నే బుడిపె చిల్లుకు వేలు అడ్డంపెట్టి పిండి చూడండి. పక్కలనుంచి గాలి బుస్సుమంటే ఇంకొకటి తీయమనండి.